కుటుంబ వైద్య విభాగాన్ని దేనితో కొలవడం మేలు?

అమెరికా విశ్వవిద్యాలయాల్లోని ఫ్యామిలీ మెడిసిన్ (వయసు, జబ్బు తేడా లేకుండా కుటుంబమంతటినీ చూసే కుటుంబ వైద్యం) విభాగాలు ప్రకటించే వార్తలను కొంతకాలం వరుసగా చదివితే, వాటిలో మూడు రకాల ఘనతలు కనిపిస్తాయి. ఫలానా ఆచార్యుడి పరిశోధన పత్రం పేరున్న పత్రికలో అచ్చయిందనీ, ఫలానా బృందానికి పెద్ద గ్రాంటు మంజూరయిందనీ చెప్పేవి మొదటి రకం. ఉత్తమ బోధకుల పురస్కారాలు, కొత్తగా చేరిన రెసిడెంట్ల (వైద్య పట్టా తరువాత శిక్షణలో ఉన్న వైద్యుల) పరిచయాలు, శిక్షణ ముగించుకున్నవారు ఏ ఊళ్లో ప్రాక్టీసు పెట్టారన్న కబుర్లు రెండో రకం. ఒకే క్లినిక్‌లో దశాబ్దాలపాటు అవే కుటుంబాలను చూసి పదవీ విరమణ చేస్తున్న వైద్యుడి గురించి రాసే నాలుగు వాక్యాలు మూడో రకం. వీటికి దక్కే చోటు కూడా దాదాపు ఇదే వరుసలో తగ్గుతూ వస్తుంది. ఈ వరుస సరైనది కాదని నా అభిప్రాయం. రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకుంటూ ఏ విభాగం మంచిదో తేల్చుకోలేక ఈ వార్తలనే తిరగేసే మన తెలుగు వైద్యులకు ఈ తూకం కొంత పనికిరావచ్చు.

పరిశోధనకు పెద్దపీట వేయడానికి కారణం లేకపోలేదు. అమెరికాలో కుటుంబ వైద్యానికి ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చింది 1969లో. బ్రిటన్‌లో ఇదే పని చేసే జనరల్ ప్రాక్టీసుకు ప్రపంచంలోనే తొలి ఆచార్య పీఠం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఏర్పడింది 1963లో. శస్త్రచికిత్స, జనరల్ మెడిసిన్ వంటి పాత శాఖల పక్కన ఆలస్యంగా వచ్చి కూర్చున్న ఈ శాఖకు, తనకంటూ ఒక విజ్ఞానం ఉందని నిరూపించుకోవలసిన అగత్యం మొదటి నుంచీ ఉంది. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. అమెరికా వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు 1961లో వేసిన లెక్క ప్రకారం, వెయ్యిమంది పెద్దలలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం కలుగుతుంది. వారిలో 250 మంది వైద్యుణ్ణి సంప్రదిస్తారు. ఆసుపత్రిలో చేరేది తొమ్మిది మంది. విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. నలభై ఏళ్ల తరువాత, 2001లో, పిల్లలను కూడా కలుపుకొని ఈ లెక్కను తిరిగి వేసినప్పుడు, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య వెయ్యికి ఒకటి కన్నా తక్కువగా తేలింది. వైద్య విద్యార్థులు నేర్చుకునేదీ, పరిశోధకులు రాసేదీ చాలావరకు ఆ ఒక్కరిని చూసే. మిగతా 249 మందికి వచ్చే దగ్గు, నడుము నొప్పి, నిద్రలేమి, అప్పుడే బయటపడుతున్న మధుమేహం గురించి ఎవరైనా శ్రద్ధగా పరిశోధిస్తే అది కుటుంబ వైద్య విభాగమే చేయాలి. కాబట్టి పత్రాలు వృథా అనడం అన్యాయం.

అయితే పత్రాల సంఖ్య వేరు, ఆ 249 మంది మీద జరిగిన పరిశోధన వేరు. ఏడాదిలో ఎన్ని పత్రాలు అచ్చయ్యాయో చెప్పే వార్త, ఆ పత్రాలకు ఆధారమైన రోగులు విభాగపు సొంత క్లినిక్‌కు వచ్చేవారో, ఎక్కడో ఉన్న దత్తాంశాల నుంచి తీసిన అంకెలో చెప్పదు. పదోన్నతి కోసం రాసిన పత్రానికీ, క్లినిక్‌లో ఎదురైన సందేహానికి జవాబు వెతుకుతూ రాసిన పత్రానికీ ఆ జాబితాలో ఒకే వరుస దక్కుతుంది.

రెండో కొలమానం, అంటే శిక్షణ పొందినవారు చివరికి ఎక్కడ స్థిరపడ్డారన్నది, నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయతీ గలది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల 1974లో, వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల కోసం ఒక ప్రత్యేక ప్రవేశ పథకాన్ని మొదలుపెట్టింది. పల్లెల్లో పెరిగి, పల్లెల్లోనే కుటుంబ వైద్యం చేస్తామనే విద్యార్థులను ఎంచుకోవడం దాని పద్ధతి. ఆ కళాశాల ఆచార్యుడు హోవర్డ్ రాబినోవిట్జ్ బృందం 1999లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పెన్సిల్వేనియాలోని ఏడు వైద్య కళాశాలల పట్టభద్రులలో ఈ పథకం కింద చదివినవారు ఒక శాతమే అయినా, ఆ కళాశాలల నుంచి వచ్చి రాష్ట్రంలోని గ్రామీణ ప్రాంతాల్లో పనిచేస్తున్న కుటుంబ వైద్యులలో వారి వాటా 21 శాతం. వెళ్లినవారు నిలిచారా అన్న ప్రశ్నకూ ఆ బృందమే తరువాత జవాబు చెప్పింది: 11 నుంచి 16 ఏళ్ల తరువాత కూడా ఈ పథకం వారిలో 68 శాతం అదే గ్రామీణ ప్రాంతంలో కుటుంబ వైద్యం చేస్తుండగా, పథకంతో సంబంధం లేకుండా పల్లెల్లో కుటుంబ వైద్యం మొదలుపెట్టినవారిలో అలా నిలిచినవారు 46 శాతం.

ఈ ఘనత అంతా బోధనదేనని అనుకుంటే పొరపాటవుతుంది. పల్లె బిడ్డలను ఎంచుకొని చేర్చుకోవడంలోనే సగం పని అయిపోతుంది. కుటుంబ వైద్య రెసిడెంట్లలో సగానికి పైగా శిక్షణ పొందిన చోటికి వంద మైళ్ల లోపే స్థిరపడతారని అమెరికాలో తేలింది కనుక, విభాగం ఎక్కడ ఉందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అయినా ఎవరిని చేర్చుకోవాలి, శిక్షణ క్లినిక్ ఎక్కడ పెట్టాలి అన్న రెండూ విభాగం చేతిలోని నిర్ణయాలే కాబట్టి, వాటి ఫలితాన్ని విభాగం ఖాతాలో వేయడం సమంజసమే. పైగా ఈ విషయం మనకు తెలిసిందే ఒక పరిశోధన పత్రం వల్ల. తన విద్యార్థులు ఏమయ్యారో ఇరవై ఏళ్లు వెంటబడి లెక్కగట్టి రాసిన పత్రం లాంటిది ఒక్కటి ఉన్న విభాగాన్ని, అలాంటిది లేకుండా యాభై పత్రాలున్న విభాగం కన్నా ముందు నిలుపుతాను.

మూడో కొలమానం, ఒకే వైద్యుడు ఒకే కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూడడం, రోగి పక్షాన నిలబడి చూస్తే మొదటిది కావలసినది. నార్వేలో 45 లక్షల మంది సమాచారాన్ని పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే జనరల్ ప్రాక్టీషనర్ వద్ద పదిహేనేళ్లకు పైగా ఉన్నవారికి, వైద్యుడి వద్ద చేరి ఏడాదే అయినవారితో పోలిస్తే, అత్యవసరంగా ఆసుపత్రి పాలయ్యే అవకాశమూ మరణించే అవకాశమూ దాదాపు పాతిక నుంచి ముప్పై శాతం తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనమే కనుక, కారణం అదొక్కటేనని ఖాయంగా చెప్పలేం. కానీ అంత పెద్ద తేడాను పట్టించుకోకుండా ఉండలేం. చిక్కల్లా విశ్వవిద్యాలయ విభాగం స్వభావంలోనే ఉంది. రెసిడెంట్లు మూడేళ్లకు వెళ్లిపోతారు, వారి రోగులు కొత్తవారి చేతికి మారతారు. గ్రాంటులు సాధించిన ఆచార్యుడు వారంలో కొన్ని పూటలు మాత్రమే క్లినిక్‌లో కూర్చుంటాడు. అంటే మొదటి రకం ఘనత పెరిగేకొద్దీ మూడో రకం తరిగే ప్రమాదం ఉంది. అందుకే దీనిని విభాగాల మధ్య పోటీకి వాడడం కష్టం. ఒక విభాగం తన నిరుటి స్థితితో తాను పోల్చుకోవడానికి మాత్రం వాడవచ్చు.

కాబట్టి దరఖాస్తుదారు ముందుగా చూడవలసింది గత పదేళ్లలో శిక్షణ పొందినవారి చిరునామాలు. ఆ తరువాత అధ్యాపకులు వారంలో ఎన్ని పూటలు రోగులను చూస్తారన్నది. పత్రాల జాబితా చివరన. పరిశోధనే జీవితంగా ఎంచుకోదలచిన వారికి ఈ వరుస తలకిందులవుతుంది, అందులో తప్పేమీ లేదు.

మన దగ్గర ఈ ప్రశ్న మరో రూపంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో, పీహెచ్‌సీ వైద్యుడు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చే విధానం మొదలైంది. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 నుంచీ ఉన్నాయి. వాటిలో పనిచేసే వైద్యులను తయారుచేసే కళాశాలల్లో అధ్యాపకుల పదోన్నతికి మాత్రం సేవాకాలంతో పాటు ప్రచురించిన పత్రాలు లెక్కకు వస్తాయి. జాతీయ వైద్య కమిషన్ ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని కొన్నేళ్లపాటు చూసుకోవాలని నిర్దేశించింది. ఆ కుటుంబాలలో రక్తపోటు, మధుమేహం ఎందరికి ఉందో, వారిలో ఎందరికి అదుపులోకి వచ్చిందో ప్రతి కళాశాలా ఏటా కూడి ప్రకటిస్తే, పత్రాల జాబితా పక్కన పెట్టి పోల్చుకోవడానికి తెలుగు పాఠకుడికి ఒక అంకె దొరుకుతుంది. దానికి కొత్త పథకం, కొత్త నిధులు అక్కరలేదు. విద్యార్థులు ఎలాగూ నింపవలసిన లాగ్‌బుక్కుల నుంచే ఆ సమాచారం తీయవచ్చు.