హోమ్‌బ్రూ కిట్ కొంటున్నారా? సీసాలు నింపే ముందు ఇది చదవండి

ఇంట్లో బీరు తయారు చేసుకుందామని మొదటిసారి కిట్ కొనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

కిట్‌తో వచ్చిన కాగితంలో, ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీళ్ల గొట్టం) బుడగలు ఆగిపోతే ఏడో రోజు సీసాల్లో నింపేయమని ఉంది. నాకు ఐదో రోజుకే ఆగాయి. అయినా ఏడు రోజులూ ఉంచి, కిట్‌లోని హైడ్రోమీటర్ (బీరులో తేలుతూ దాని సాంద్రత చూపే గాజు గొట్టం, చక్కెర పులిసేకొద్దీ అంకె దిగుతుంది) వేసి చూస్తే 1.010. ఇంకేం, పులియడం అయిపోయిందనుకుని, గ్యాస్ కోసం వేయాల్సిన చక్కెర వేసి సీసాలు నింపాను.

తొమ్మిదో రాత్రి అలమారలో ఒక సీసా పేలింది. ఆ దెబ్బకు పక్కనున్న రెండూ పగిలాయి. పొద్దున చూస్తే అలమార తలుపు లోపలివైపు చెక్కలో గాజు పెంకు దిగబడి ఉంది. తలుపు మూసి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

తర్వాత ఆ హైడ్రోమీటర్‌ను మంచినీళ్లలో వేశాను. 20 డిగ్రీల నీళ్లలో 1.000 చూపించాలి. 0.992 చూపించింది! వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గొట్టానికి అంటించిన అంకెల కాగితం జిగురు ఊడి కిందికి జారింది. అంటే నేను చూసిన 1.010 నిజానికి 1.018. పులియాల్సింది ఒక్కో పాయింట్ (అంటే 0.001) మిగిలితే, అది సీసాలో పులిసి లీటరు బీరుకు దాదాపు అర లీటరు గ్యాస్ అదనంగా పుడుతుంది. ఎనిమిది పాయింట్లకు ఎంతో లెక్కేసుకోండి. దానిమీద నేను వేసిన చక్కెర ఒకటి.

మరి బుడగలు ఎందుకు ఆగాయి? బీరు పులియబెట్టిన డబ్బా మూతకున్న రబ్బరు రింగు సరిగ్గా కూర్చోలేదు, గ్యాస్ పక్కనుంచి పోయింది. పులియడం అయిపోయాక కూడా గది వేడెక్కితే బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు కనిపిస్తాయి. కాబట్టి బుడగలను నమ్మకండి.

అమ్మినవాళ్లను అడిగితే, రోజులు లెక్కపెట్టుకుంటే చాలు, హైడ్రోమీటర్ ఏదో పేరుకే ఇస్తామన్నారు. ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

కిట్ రాగానే హైడ్రోమీటర్‌ను నీళ్లలో పరీక్షించండి. బీరు కొలిచేటప్పుడు అంటుకున్న బుడగలు వదిలేలా దాన్ని ఒకసారి తిప్పండి. రెండు మూడు రోజులు వరసగా అదే అంకె రావాలి, అది ఆ రకం బీరు దిగాల్సిన అంకెకు దగ్గరగానూ ఉండాలి. అంకె కదలకుండా 1.020 దగ్గరే నిలిచిపోతే ఈస్ట్ మధ్యలో ఆగి ఉండొచ్చు. డబ్బాను కొంచెం వెచ్చటి చోటికి మార్చి ఇంకొన్నాళ్లు చూడండి.

ఇలా తొందరపడి ఇప్పటికే నింపేసినవాళ్లు సీసాలను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు వేసుకుని, ఒక్కోదానికి దళసరి తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక, తువ్వాలు తీయకుండానే మూతను కొద్దికొద్దిగా లేపి గ్యాస్ వదలండి.