కలెక్షన్ అంటే మనకు రెండే: నా .32 రివాల్వర్‌తో పద్నాలుగేళ్లు

మొన్న మా బామ్మర్ది కొడుకు తుపాకీ లైసెన్సు వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకొని ఇంటికొచ్చాడు. "మామా, మొదలు నిర్భీక్ తీసుకుంట, తర్వాత ఒక పాత వెబ్లీ, ఆ తర్వాత ప్రబల్, ఇట్ల ఒక్కొక్కటి జమచేస్త" అన్నాడు. మూడూ రివాల్వర్లే, నిర్భీక్, ప్రబల్ మన దేశంవి, వెబ్లీ ఇంగ్లండ్‌ది. అమెరికావాళ్ల వీడియోలు బాగా చూస్తున్నట్టున్నాడు. వాళ్లు గోడ నిండా తుపాకులు వేలాడదీసుకుంటారు, మనకు 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తర్వాత మనిషికి రెండే. అంతకుముందు మూడు ఉండేవి. తాతల నుంచి వచ్చినవైనా ఆ రెండింటిలోనే లెక్క. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మాది మిర్యాలగూడ పక్కన, వడ్ల వ్యాపారం. సీజన్‌లో రాత్రిళ్లు మిల్లు నుంచి డబ్బుతో రావాల్సి ఉండేది, అందుకే 2010లో లైసెన్సు తీసుకొని మన దేశంలో తయారైన .32 రివాల్వర్ (.32 అంటే తూటా సైజు) కొన్నా. ఇంట్లో అప్పటికే మా నాయిన డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు తుపాకీ ఉంది. 2014లో పిచ్చి ముదిరి హైదరాబాద్‌లో ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర పాత వెబ్లీ అండ్ స్కాట్ .32 కూడా తీసుకున్నా, కొత్త రివాల్వర్‌కు పెట్టినదానికి మూడింతలు పైనే పెట్టి. అంత ధర ఎందుకంటే 1980లలో బయటినుంచి దిగుమతి ఆగిపోయింది, అప్పటికే ఇక్కడున్నవే చేతులు మారుతున్నాయి. తమాషా ఏమిటంటే మన .32 కూడా ఆ వెబ్లీ మార్క్ 4 డిజైన్ మీద చేసిందే. అదే ఆరు రౌండ్లు (తూటాలు), అదే పైనున్న లాచ్ (గడియ) నొక్కితే గొట్టం ముందుకు వంగి పేలిన రౌండ్ల ఖాళీ తొడుగులన్నీ ఒక్కసారే బయటికి తోసే పద్ధతి. తేడా ఎక్కడంటే వెబ్లీ ట్రిగ్గర్ వెన్నలాగా పోయేది, నునుపు చూస్తే ముద్దొచ్చేది. కానీ స్ప్రింగు బలహీనపడితే సరైన స్ప్రింగు కోసం ఎనిమిది నెలలు తిరిగా. అన్నిరోజులూ అది బీరువాలో నగలాగా పడుంది. చివరికి మూడింటిలో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు వెబ్లీనే ఇచ్చేశా. నాయిన తుపాకీ ఇవ్వబుద్ధి కాలేదు, రోజూ చెయ్యి అలవాటైన .32 ఇవ్వలేను. డబ్బు పోయిందని ఇప్పటికీ ఇంట్లో దెప్పుతుంటారు, నిజమే మరి.

వాడకం సంగతి. బరువు 700 గ్రాముల దాకా, రౌండ్లు వేస్తే ఇంకాస్త. కాగితం మీద తక్కువే అనిపిస్తుంది, మే నెలలో మన ఎండకు నడుముకు కట్టుకొని బండి మీద హుజూర్‌నగర్ పోయిరండి, అప్పుడు తెలుస్తుంది. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ ఒక్కటే లాగి పేల్చేటప్పుడు, గట్టిగా లాగాలి కాబట్టి మొదట్లో నా గురి ఎప్పుడూ ఎడమకు పోయేది, వెనకున్న సుత్తిని ముందే వేలితో వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కొడితే సరిగ్గా పడేది. మూడు అంగుళాల గొట్టంతో పది మీటర్ల దాటితే నా రౌండ్లు అన్నం పళ్లెమంత వెడల్పులో పడతాయి, అంతకంటే గొప్పలు నేను చెప్పను. పద్నాలుగేళ్లలో మొత్తం రెండు వందల రౌండ్లు కూడా కాల్చలేదు, అదీ హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌లోనే.

అన్నిటికంటే పెద్ద తప్పు నేనే చేశా. ఒక వానాకాలం మొత్తం తోలు ఒరలోనే పెట్టి బీరువాలో వదిలేశా. తోలు తేమ పీలుస్తుంది, తీసి చూస్తే సిలిండర్ (రౌండ్లు పెట్టే చక్రం) పక్కన జొన్నగింజంత తుప్పు మచ్చలు. సన్నటి బ్రష్, నూనె పట్టి తుడిస్తే పోయాయి గానీ నలుపు రంగు ఆ చోట తేలిపోయింది. అప్పటినుంచి ఒర వేరే, రివాల్వర్ నూలుగుడ్డలో, రౌండ్లు వేరే తాళంలో. పిల్లలున్న ఇంట్లో ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటా.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, ఎలక్షన్లు. కోడ్ వస్తే తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 2018 డిసెంబర్‌లో అసెంబ్లీ, జనవరిలో పంచాయతీ, ఏప్రిల్‌లో పార్లమెంటు. తర్వాత 2021లో సాగర్ ఉప ఎన్నిక, 2022లో మునుగోడు. మన జిల్లాకు ఓట్ల పండుగలకు కొదవా! నా రివాల్వర్ నాకంటే స్టేషన్ వాళ్లకే ఎక్కువ చుట్టం అయిపోయింది. తెచ్చుకునేటప్పుడు నంబరు, రసీదు సరిచూసుకొని, గొట్టంలోకి టార్చి వేసి చూసి తీసుకోండి.

ఇక ఏది కొనాలి అని అడిగితే. నిర్భీక్ 2014లో వచ్చింది, టైటానియం మిశ్రమం, 500 గ్రాముల చుట్టూ, అప్పుడే లక్షా ఇరవై రెండు వేల పైన. చేతిలో పెడితే ఆటవస్తువులా తేలిక, రోజూ మోసేవాళ్లకు అదే మంచిది. 2023లో వచ్చిన ప్రబల్‌ను గన్ హౌస్‌లో చేతిలోకి తీసుకొని చూశా, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు మళ్లీ 700 గ్రాములే. యాభై మీటర్ల రేంజ్ అని చెబుతున్నారు, ఆత్మరక్షణకు యాభై మీటర్లు ఎవడికి కావాలో నాకైతే అర్థం కాదు. కానీ పక్కకు తెరుచుకునే పద్ధతి నాకు నచ్చింది, ఈరోజు కొంటే నేను అదే తీసుకుంటానేమో. నా దానిలా వంగే గొట్టానికి కీలు ఒకటి ఉంటుంది, ఏళ్ల తరబడి వాడితే లాచ్ దగ్గర వదులు వస్తుందా అని ఊపి చూసుకుంటూ ఉండాలి.

వాడికి చెప్పింది ఇదే: మొదటిది అదొక్కటే ఉంటుందన్నట్టు ఎంచుకో, రెండో జాగా ఇప్పుడే నింపకు, రేపు మీ నాయిన తుపాకీ నీ పేరు మీదికి వస్తుంది కదా. కూడబెట్టే సరదా తీరాలంటే గుండు శక్తి 20 జౌల్స్ దాటని, 4.5 మి.మీ. బోరు ఎయిర్ గన్లు ఉన్నాయి, లైసెన్సే అక్కర్లేదు. నా దగ్గర నాలుగున్నాయి, నిజం కలెక్షన్ అంటే అదే.

అన్నట్టు, బారాత్‌లో "ఒక్క రౌండ్ పేల్చు మామా" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ప్రాణాలకు ముప్పయ్యేలా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ పడొచ్చు. నేనైతే పెళ్లిళ్లకు తీసుకెళ్లడమే మానేశా.

అల్లుడు ఇంకా తేల్చుకోలేదు. నిర్భీక్ రంగు నచ్చిందట! వచ్చే శనివారం ఇద్దరం హైదరాబాద్ పోయి రెండింటి ట్రిగ్గర్లూ లాగి చూసొస్తాం.