కణాలు తక్కువైనప్పుడే కిట్ సత్తా తెలుస్తుంది: ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ కిట్‌పై సమీక్ష

ఊపిరితిత్తుల క్యాన్సర్ మూలకణాల్లో (కణితిని కొత్తగా పుట్టించగల కణాల్లో) మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలవడానికి మా ప్రయోగశాలలో ఏడాదిగా వాడుతున్న కిట్ గురించి రాస్తున్నాను. ఆర్‌ఎన్‌ఏను వేరుచేసే కాలమ్‌లు, దాన్ని సీడీఎన్‌ఏగా (డీఎన్‌ఏ నకలుగా) మార్చే ఎంజైమ్, ఆ నకలును సైకిల్ సైకిల్‌కూ రెట్టింపు చేస్తూ కొలిచే క్యూపీసీఆర్‌కు కావలసిన ప్రైమర్లు (లక్ష్యానికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక తయారీదారు పేరు రాయడం లేదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ దాదాపు 22 న్యూక్లియోటైడ్ల పొడవుండే చిన్న పోగు. అది ప్రోటీన్ తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని, దాని నుంచి ప్రోటీన్ తయారు కాకుండా అడ్డుకుంటుంది. లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కుటుంబం కణాల పెరుగుదలను పురికొల్పే రాస్ ప్రోటీన్‌ను అదుపులో ఉంచుతుందని, ఊపిరితిత్తుల కణితుల్లో అది తగ్గినచోట రాస్ పెరుగుతుందని 2005లోనే తేలింది. మిర్-200 కుటుంబం జెబ్1 అనే ప్రోటీన్‌ను అణచి కణాలను ఎపిథీలియల్ స్థితిలో (ఒకదాన్నొకటి పట్టుకుని పొరగా ఉండే స్థితిలో) నిలుపుతుంది. మిర్-34ఎ ఉత్పత్తిని కణితులను అడ్డుకునే పీ53 ప్రోటీన్ పెంచుతుంది. అందుకే సీరం లేని మాధ్యమంలో ఈజీఎఫ్, బీఎఫ్‌జీఎఫ్ అనే వృద్ధి కారకాలు వేసి మూలకణాల కోసం పెంచిన కణ గోళాల్లోనో, కణం పైనుండే సీడీ133 ప్రోటీన్ గుర్తును బట్టి వేరుచేసిన కణాల్లోనో ఇవి తగ్గాయా అని ఎవరైనా మొదట చూస్తారు. చిక్కంతా కణాల సంఖ్య దగ్గరే వస్తుంది. మామూలు ఎ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు ఒక్క ఫ్లాస్కులో లక్షల్లో దొరుకుతాయి, కానీ సార్టింగ్ (గుర్తును బట్టి కణాలను వేరుచేయడం) ముగిసేసరికి మా చేతికి వచ్చే సీడీ133 కణాలు కొన్నిసార్లు 10 వేలు కూడా ఉండవు.

ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2012లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ట్రైజాల్ ద్రావణంతో ఆర్‌ఎన్‌ఏ తీసే పద్ధతిలో కణాలు తగ్గేకొద్దీ, జీ, సీ అక్షరాల శాతం తక్కువగా ఉండే మిర్-141 లాంటి కొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు మిగతావాటికన్నా ఎక్కువగా నష్టపోతాయి. పొడవైన ఆర్‌ఎన్‌ఏలు వీటితో జతకట్టి అవక్షేపంలోకి దింపుతాయి, కణాలు కొద్దిగా ఉంటే ఆ తోడు దొరకదు. ఆ బృందం మిర్-141పై అంతకుముందు ప్రచురించిన తన సొంత పత్రాన్ని ఇదే కారణంగా వెనక్కి తీసుకుంది. మిర్-141 కూడా మిర్-200 కుటుంబంలోదే. అంటే "మూలకణాల్లో ఇది తగ్గింది" అని మనం సంబరపడే ఫలితం కణంలో కాక ట్యూబులోనే పుట్టి ఉండవచ్చు.

కాబట్టి కిట్ రాగానే మూలకణాల జోలికి పోకుండా, మిర్-141 బాగా తయారయ్యే ఎచ్358 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలను 10 లక్షలు, 1 లక్ష, 10 వేలుగా పంచి ఒకే రోజు ఆర్‌ఎన్‌ఏ తీశాను. పదింతలు తగ్గిన ప్రతిసారీ సీటీ విలువ (క్యూపీసీఆర్‌లో సంకేతం కనబడడానికి పట్టే సైకిళ్ల సంఖ్య) సుమారు 3.3 సైకిళ్లు పెరగాలి. లెట్-7ఎ, మిర్-21 రెండూ ఆ లెక్క తప్పలేదు. మిర్-141 మాత్రం చివరి మెట్టులో దాదాపు ఒక సైకిల్ అదనంగా వెనకబడింది, అంటే ఉన్నదాంట్లో సగం మాయమైనట్టే. కిట్‌లోనే ఉన్న క్యారియర్ ఆర్‌ఎన్‌ఏను (తోడుగా ఉండే ఆర్‌ఎన్‌ఏను) కణాలను పగలగొట్టే లైసిస్ ద్రవంలో కలిపి మళ్లీ చేస్తే ఆ తేడా దాదాపు కనబడలేదు. ఇంత అక్కరకొచ్చే సీసాను సూచనల పుస్తకం ప్లాస్మా నమూనాల పేజీలో తప్ప మరెక్కడా ప్రస్తావించకపోవడం నాకు మింగుడు పడలేదు.

లెట్-7 సభ్యులను విడదీయడంలో కిట్ పనితనం మిశ్రమంగా ఉంది. లెట్-7ఎకూ లెట్-7సికీ ఒక్క అక్షరమే (న్యూక్లియోటైడే) తేడా, అదీ చివరి ఆరు అక్షరాల్లో, సరిగ్గా సీడీఎన్‌ఏ తయారీని మొదలుపెట్టే స్టెమ్-లూప్ (మడత ఆకారపు) ప్రైమర్ అతుక్కునే చోట. అందువల్ల కృత్రిమ లెట్-7సిని పెట్టినప్పుడు 7ఎ ప్రైమర్ చాలా ఆలస్యంగా గానీ స్పందించలేదు. లెట్-7ఎఫ్‌లో తేడా మధ్యలో ఉంది, ఆ చివర రెండింటికీ ఒకటే కావడంతో ఇక్కడ కలగాపులగం స్పష్టంగా ఎక్కువైంది. 7ఎ అని వచ్చిన అంకెను నేను "7ఎ, కొంత 7ఎఫ్" అని చదువుకుంటున్నాను.

పోలికకు కిట్ ఇచ్చేది కణాల్లో సహజంగా ఉండే యూ6 ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే. అది వంద న్యూక్లియోటైడ్లకు పైబడిన పోగు, కాలమ్‌లో దాని నడవడి 22 అక్షరాల పోగు నడవడికి సాక్ష్యం కాదు. మనిషి కణాల్లో లేని, సి. ఎలిగాన్స్ పురుగుకు చెందిన మిర్-39ని విడిగా కొని లైసిస్ తర్వాత కలుపుకున్నాకే నాకు నమ్మకం కుదిరింది. ముందే కలిపితే కణాల్లోని ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైమ్ దాన్ని తినేస్తుంది.

రెండో పెట్టెలో మంచు ప్యాక్ పూర్తిగా కరిగి వచ్చింది. ఫొటో పంపితే ఎంజైమ్ మార్చి ఇచ్చారు గానీ, దానికి మూడు వారాలు పట్టింది.

ఇక కరపత్రం సంగతి. 2024 నోబెల్ బహుమతి మైక్రో ఆర్‌ఎన్‌ఏకు దక్కిందని పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు, అందులో తప్పేమీ లేదు. దాని కిందే ఈ ప్యానెల్ "క్యాన్సర్ మూలకణాలను గుర్తిస్తుంది" అనడం మాత్రం అతిశయోక్తి. ఒక కణం మూలకణం అనిపించుకోవాలంటే రోగనిరోధక శక్తి లేని ఎలుకలో కణితిని పుట్టించాలి, ఆ కణితి నుంచి తీసిన కణాలు మరో ఎలుకలోనూ అదే పని చేయాలి. నాలుగు సీటీ విలువలు ఆ పరీక్షకు బదులు కావు. చికిత్సపై చూపిన ఆశ కూడా అలాంటిదే: మిర్-34ను అనుకరించే ఎంఆర్‌ఎక్స్34 మందు మొదటి దశ పరీక్షను తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో నిలిపివేశారు, ఆ మాట కరపత్రంలో లేదు.

అయినా మూడో పెట్టెకు ఆర్డరు పెట్టాను. కాలమ్‌లు బాగున్నాయి, క్యారియర్ కలిపితే 10 వేల కణాల నుంచి కూడా నిలకడైన అంకెలు వస్తున్నాయి. పెట్టె మారిన ప్రతిసారీ మూడు ట్యూబుల ఎచ్358 పరీక్ష చేశాకే సార్టింగ్ కణాలు తెరుస్తున్నాను.