ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయింది: మాన్యువల్ పెట్టించడమా, బాగు చేయించడమా, బండే అమ్మేయడమా?

మా బావది డీజిల్ ఎస్‌యూవీ, ఫోర్ బై ఫోర్, ఆటోమేటిక్. 2023 జులై వానలకు హనుమకొండలో వాళ్ల వీధి చెరువైనప్పుడు ఒక రాత్రంతా నీళ్లలోనే నిలబడింది. తెల్లారి ఇంజన్‌లోకి నీళ్లు పోలేదని తేలాక అందరం ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరక్కముందే, ఏటూరునాగారం పోతుంటే తాడ్వాయి అడవిలో గేరు జారడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు మూడు వేలకు లేస్తోంది, బండి మాత్రం ఎడ్లబండిలా పోతోంది.

ములుగు రోడ్డులో తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. గేర్‌బాక్స్ కింద నట్టు విప్పితే ఎర్రగా కారాల్సిన ఆయిల్ రోజ్‌మిల్క్‌లా కారింది. నీళ్లు కలిశాయన్నమాట. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చుకునే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. అది మునిగితే నీళ్లు లోపలికి దారి చూసుకుంటాయి. లోపలి క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర నీటికి నాని ఊడిపోతుంది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "అన్నా, ఈ ఆటోమేటిక్ లొల్లి మనకెందుకు? తీసి పక్కన పడేసి మాన్యువల్ పెడదాం. ఇదే మోడల్‌ది గుద్దుకున్న బండి నా దగ్గరుంది. జిందగీలో టెన్షన్ ఉండదు" అన్నాడు.

వినడానికి బాగుంది. కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కంపెనీ ఇచ్చిన కొటేషన్ చూశాక ఇంకా బాగుంది. బావ సగం ఒప్పేసుకున్నాడు కూడా.

కానీ మాన్యువల్ పెట్టడమంటే గేర్‌బాక్స్ ఒక్కటి మార్చడం కాదు. ఇంజన్ వెనక ఆటోమేటిక్‌కు ఫ్లెక్స్‌ప్లేట్ అనే పల్చని రేకు చక్రం ఉంటుంది, దాన్ని తీసి బరువైన ఫ్లైవీల్ పెట్టాలి. ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టులు పొట్టివి, ఫ్లైవీల్‌కు పనికిరావు. కొన్ని పాత ఇంజన్లలో ఆటోమేటిక్ వాటికి క్రాంక్ షాఫ్ట్ చివర, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టే పైలట్ బేరింగ్ కూర్చునే గుంత కూడా తొలిచి ఉండదు. ఆపైన క్లచ్ సామాను: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్. కాళ్ల దగ్గర వెడల్పాటి బ్రేక్ పెడల్ తీసి సన్నది బిగించి పక్కన క్లచ్ పెడల్ పెట్టాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే, అక్కడి నుంచి యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారుతుంది, కింద గేర్‌బాక్స్‌ను మోసే క్రాస్‌మెంబర్ అనే అడ్డకమ్మీ కూడా. ఫోర్ బై ఫోర్ అయితే నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కుదరాలి. ఆటోమేటిక్‌కూ మాన్యువల్‌కూ యాక్సిల్‌లోని పళ్ల లెక్క వేరైతే ముందుదీ వెనకదీ రెండూ మార్చాలి.

ఇదంతా ఇనుము పని, మన మేస్త్రీలకు ఇనుము లొంగుతుంది. అసలు తలనొప్పి వైర్లతో. ఆటోమేటిక్ బండి పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప సెల్ఫ్ అందుకోదు. గేర్‌బాక్స్ తీసేస్తే ఆ సంకేతం ఎక్కడి నుంచి వస్తుంది? వైరు కలిపి మాయ చేస్తారు. అప్పుడు బండి గేరులో ఉన్నా తాళం తిప్పితే ముందుకు దూకుతుంది. రివర్స్ లైటుకు వేరే స్విచ్ కావాలి. కొన్ని బండ్లలో స్పీడోమీటర్ ముల్లు కూడా గేర్‌బాక్స్ సెన్సార్ చెబితేనే కదులుతుంది. ఇంజన్ కంప్యూటర్ గేర్‌బాక్స్ కంప్యూటర్ కోసం వెతుకుతూ, దొరకక చెక్ ఇంజన్ లైటు వెలిగించి కూర్చుంటుంది, పవర్ కూడా తగ్గిస్తుంది.

పోనీ పాత కంప్యూటరే ఉంచుదామా అంటే అదీ చిక్కే. 2021లో వచ్చిన ఫార్చునర్ 2.8 డీజిల్‌నే చూడండి. ఇంజన్ ఒకటే, రెండింటికీ 204 పీఎస్. టార్క్, అంటే తిప్పే బలం, మాత్రం మాన్యువల్‌లో 420 ఎన్‌ఎం, ఆటోమేటిక్‌లో 500. ఆటోమేటిక్ ఇంజన్ వెనక మాన్యువల్ క్లచ్ పెట్టి కంప్యూటర్ మార్చకపోతే, 420కి తూకం వేసి పెట్టిన క్లచ్ మీద 500 పడుతుంది. అందుకే గుద్దుకున్న మాన్యువల్ బండి ఒకటి మొత్తంగా దొరకాలి. పెడల్ నుంచి కంప్యూటర్ దాకా, వైరింగ్‌తో సహా. విడివిడిగా సామాను ఏరుకుని చేస్తే ఆ బండి ఏడాదంతా షెడ్డులోనే ఉంటుంది.

కాగితాల సంగతి ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. చాలా బండ్ల ఆర్‌సీలో మోడల్ పేరు చివర 'ఏటీ' అనే ఉంటుంది. మార్పు సంగతి చెప్పకుండా దాచి, రేపు జనగామ దగ్గర ఎక్కడో గుద్దుకుంటే, ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు మూడు పెడల్స్ కనబడతాయి. క్లెయిమ్ ఆపడానికి అతనికి అంతకంటే మంచి సాకు దొరకదు.

అమ్మేయడం గురించి రెండు మాటలు చాలు. గేరు జారే బండికి ఎవరూ ధర పెట్టరు, స్క్రాప్ లెక్కే కడతారు. ఆటోమేటిక్ బాగానే నడుస్తున్నా, మైలేజ్ కోసమో గేర్ రాడ్ మీద మోజుతోనో మాన్యువల్ కావాలనుకునే వాళ్లకు మాత్రం నా సలహా ఇదే: అమ్మి మాన్యువల్ బండి కొనుక్కోండి. గేర్‌బాక్స్ కోయించకండి.

ఇక బాగు చేయించడం. ఇక్కడ జనం తొందరపడేది ఒక్క చోటే: గేరు జారగానే గేర్‌బాక్స్ మొత్తం పోయిందనుకుంటారు. ముందు స్కాన్ చేయించాలి. ఒక్కోసారి ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు స్విచ్ లాంటి సొలినాయిడ్ పాడవడం, ఒక్కోసారి ఆయిల్‌ను గేర్లకు పంచే వాల్వ్ బాడీలో మురికి, అంతే ఉంటుంది. ఉత్త ఆయిల్ మార్పుతో సరిపోయేవీ ఉన్నాయి, కానీ ఒక్కసారి డ్రెయిన్ చేస్తే పాత ఆయిల్ అంతా రాదు, చాలావరకు కూలర్ పైపుల్లో, ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. నీళ్లు కలిసిన కేసులో మాత్రం ఇవేవీ పనిచేయవు. ప్లేట్లు మార్చాలి, కన్వర్టర్ కోసి కడిగించాలి, కూలర్ పైపులు ఊదించాలి. ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో దొరికారు. ఒక జాగ్రత్త: ఇలాంటి బండిని తాడు కట్టి లాగకండి, ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించండి. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు తిరిగిన కొద్దీ లోపల ఎండుగా అరుగుతుంది.

మేస్త్రీ దగ్గరున్న గుద్దుకున్న బండి తీరా చూస్తే ఫోర్ బై టూ, అంటే రెండు చక్రాలకే బలం అందేది. దాని గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేసు బిగించే చోటే లేదు. ఆ సంగతి ఆయన మొదట చెప్పలేదు, మేమూ అడగలేదు.

అయినా బావ ఇంకో రెండు రోజులు ఊగిసలాడాడు. చివరికి అక్కే అడిగింది: "పొద్దున పిల్లలను దింపేది నువ్వా, నేనా?" కాజీపేట బ్రిడ్జి నుంచి హనుమకొండ చౌరస్తా దాకా రోజూ ఆ బండి నడిపేది అక్క. ఆమెకు ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ అసలు నేర్చుకోనేలేదు.

బాగు చేయించడమే ఖాయమైంది. మాన్యువల్‌కు మేస్త్రీ చెప్పినదానికంటే నలభై వేలు ఎక్కువయ్యాయి, బండి పద్దెనిమిది రోజులు హైదరాబాద్‌లో ఉంది. తిరిగొచ్చాక బావ దానికి ఒకే ఒక్క మార్పు చేయించాడు. బ్రీదర్‌కు రబ్బరు పైపు తొడిగించి, రెండు క్లిప్పులతో బానెట్ కింద ఎత్తున కట్టించాడు.