19 ఏళ్లు మూలనపడ్డ ఫోర్డ్ ఎఫ్-100: మళ్లీ రోడ్డెక్కిన ఆరేళ్ల తరువాత

నా పికప్ ట్రక్కు 1970 నాటి ఫోర్డ్ ఎఫ్-100. 19 ఏళ్లపాటు ఒక షెడ్డులో కదలకుండా నిలబడి ఉన్న తరువాత అది నా చేతికి వచ్చింది. దాన్ని మళ్లీ నడిచే స్థితికి తెచ్చి ఆరేళ్లు దాటింది, ఈలోగా 30 వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. బండి కదిలిన కొత్తలోనే ఈ సమీక్ష రాసి ఉంటే మొత్తం ఇంజన్ గురించే రాసేవాణ్ని. ఇన్నాళ్లు వాడిన తరువాత నాకు తెలిసినదేమిటంటే, చాలాకాలం నిలిచిపోయిన బండిలో అన్నింటికంటే తేలికగా దారికి వచ్చేది ఇంజనే. పెట్రోలు ప్రయాణించే దారీ, రబ్బరు ఉన్న ప్రతి చోటూ మాత్రం మొదటి స్టార్టుతో తీరిపోయే పనులు కావు.

ఇందులో ఉన్నది 300 ఘనపు అంగుళాల, అంటే 4.9 లీటర్ల, ఆరు సిలిండర్ల వరుస ఇంజన్. 1965 నుంచి 1996 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన ఇంజన్ ఇది. పిస్టన్ల కదలికను చక్రంలా తిప్పే క్రాంక్ షాఫ్టును ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును చైను కాక నేరుగా పళ్ల చక్రాలే తిప్పుతాయి. ఇంత గట్టి ఇంజన్ అయినా, నిలిచిపోయినదాన్ని స్టార్టర్ మోటారుతో తిప్పబోవడం పొరపాటు అని నా అభిప్రాయం. ప్లగ్గులు ఆరూ విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పల్చని నూనె పోసి, వారం రోజులు వదిలేశాను. ఎనిమిదో రోజున క్రాంక్ ముందున్న బోల్టుకు సాకెట్ తగిలించి, పొడవాటి పిడితో మెల్లగా బరువు వేస్తే, ముందు వేలెడంత కదిలి ఆగింది. అక్కడ బలం చేయకుండా కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పుతూ, ప్రతిసారీ మరికాస్త దూరం సాగనిస్తే అరగంటలో పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. పిస్టన్ రింగులు తుప్పు గరుకు మీద జారడం పిడి పట్టుకున్న అరచేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ గరుకు తగ్గేదాకా చేత్తోనే తిప్పాను.

స్టార్టు చేయడానికి ముందు చేసిన మరో పనిని ఇప్పటికీ అన్నింటికంటే విలువైనదిగా భావిస్తున్నాను. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పితే దాని అడుగున ఆయిల్ పంపును తిప్పే కడ్డీ కనిపిస్తుంది. దానికి సాకెట్ తొడిగి డ్రిల్లు మెషీనుతో తిప్పుతూ, వాల్వుల మూత తీసి చూస్తూ ఉంటే, కొంతసేపటికి వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర నూనె ఊరడం మొదలైంది. ఈ ఇంజన్‌లో క్యామ్ మీద టాపెట్లు (దాని కదలికను వాల్వుల వైపు అందించే ముక్కలు) చదునుగా ఆనుకుని రాచుకుంటూ నడుస్తాయి కనుక, ఏళ్ల తరబడి ఎండిపోయిన ఆ జాగాలు మొదటి నిమిషాల్లో నూనె లేకుండా తిరిగితే కలిగే అరుగుదలను తరువాత ఏం చేసినా సరిచేయలేం. అదే కారణంతో ఇప్పటికీ, ఇలాంటి అరుగుదలను తగ్గించే జింకు పాళ్లు ఎక్కువగా ఉన్న నూనెనే పోస్తున్నాను.

పాత ట్యాంకును ముట్టుకోకుండా, చిన్న డబ్బాలో తాజా పెట్రోలు పోసి, దాని నుంచే కార్బురేటర్‌కు అందించి మొదటి స్టార్టు చేశాను. నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే కాంటాక్ట్ పాయింట్లు కంటికి శుభ్రంగానే కనిపించినా వాటి మీద పేరుకున్న సన్నని పొర కరెంటును ఆపేసింది. సన్న ఆకురాయితో రెండుసార్లు గీయగానే నిప్పురవ్వ వచ్చింది. పనిలో పనిగా ఆ పాయింట్లకు తోడుగా ఉండే కండెన్సర్ కొత్తది వేశాను గానీ అది రెండు నెలలకే పాడై దారిలో నిలబెట్టింది. విప్పి దాచుకున్న పాతదాన్నే మళ్లీ బిగించాను, నేటికీ అదే పనిచేస్తోంది. అప్పటినుంచి పాత విడిభాగం నిజంగా పాడైందని పరీక్షించి తేల్చుకున్న తరువాతనే మారుస్తున్నాను. రబ్బరుకు మాత్రం ఈ నియమం వర్తించదు.

ఇక ట్యాంకు సంగతి. 1972 దాకా వచ్చిన ఈ తరం ట్రక్కుల్లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనకాల ఉంటుంది. సీటు విప్పి దాన్ని బయటికి తీసినప్పుడు వచ్చింది పెట్రోలు వాసన కాదు, ఘాటైన వార్నిష్ వాసన. పెట్రోలులోని తేలికపాటి భాగాలు ఆవిరైపోగా మిగిలినది గాలి తగిలి జిగురుగా మారి, అడుగున నల్లబెల్లం పాకంలా పేరుకుంది. జిగురునూ తుప్పునూ కడిగేసి, మళ్లీ తుప్పు పట్టకూడదని లోపల ఒక పూత వేశాను. నేను చింతించేది ఆ పూత విషయంలోనే. మూడో ఏడు వచ్చేసరికి బండి సరిగ్గా ఇరవై నిమిషాలు నడిచి, ఎక్కువ వేగంలో ఊపిరాడనట్టు తడబడి ఆగిపోవడం మొదలైంది. ఐదు నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టే స్టార్టయ్యేది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతోందేమో అనుకుని గొట్టాన్ని ఇంజన్‌కు దూరంగా జరిపాను, ఇగ్నిషన్ కాయిల్ మార్చాను, కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. చివరికి ట్యాంకు ఖాళీ చేసి టార్చి వేసి చూస్తే, పూత గోరంత పెచ్చులుగా ఊడి అడుగున తిరుగుతోంది. పంపు లాగే బలానికి ఒక పెచ్చు వెళ్లి గొట్టం మూతికి అంటుకునేది, ఇంజన్ ఆగి ఆ లాగుడు పోగానే రాలిపోయేది. కొత్త ట్యాంకు వేసిన రోజు నుంచి ఆ జబ్బు మళ్లీ కనిపించలేదు. తుప్పు పైపైన ఉంటే శుభ్రం చేసి పూత లేకుండానే వదిలి, ట్యాంకును ఎప్పుడూ నిండుగా ఉంచడం మేలు. తుప్పు లోతుగా తినేసి ఉంటే ట్యాంకు మార్చడమే సరైన దారి.

పెట్రోలు గొట్టాలను ఈ ఆరేళ్లలో రెండుసార్లు మార్చాను. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకోని రబ్బరు లోపలి నుంచి మెత్తబడుతుంది, పైకి మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. ట్యాంకు క్యాబిన్‌లో ఉన్న బండిలో చిన్న గొట్టం కారినా ఆ ఆవిరి మనం కూర్చునే చోటే నిండుతుంది కనుక, వాసన సోకిన రోజే సీటు విప్పి చూస్తాను.

బ్రేకుల విషయంలో తొందరపడలేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వీల్ సిలిండర్లన్నీ లోపల గుంటలు పడి బిగుసుకుపోయి ఉన్నాయి. బండిని ఒక్క అడుగు కదిలించకముందే సిలిండర్లు, ఉక్కు గొట్టాలు మార్చాను. ముందు కుడి చక్రపు రబ్బరు గొట్టం ఒక్కటి మాత్రం పగుళ్లు లేవని ఉంచేశాను. నాలుగు నెలల తరువాత ఒకరోజు బండి దిగి ఆ చక్రం దగ్గర చేయి పెడితే కాలిపోయేంత వేడిగా ఉంది. గొట్టం లోపలి పొర ఉబ్బి దారి సన్నబడటం వల్ల, పెడల్ తొక్కినప్పుడు ఆ బలానికి వెళ్లిన ద్రవం వదిలాక వెనక్కి రాలేక బ్రేకు పట్టే ఉండిపోయింది. టైర్లు కూడా అంతే, గీతలు ఎంత లోతుగా ఉన్నా 19 ఏళ్ల రబ్బరును నమ్మి రోడ్డెక్కకూడదు.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి ఉంటే, పెడల్‌ను నేలకు నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర అడ్డుపెట్టి నాలుగు రోజులు ఉంచాను. ఐదో రోజున గేరు వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోయింది. రేడియేటర్‌ను కడిగించాను. ఇంజన్ పక్కన, నీటి దారుల రంధ్రాలను మూసే లోహపు బిళ్లల్లో ఒకటి రెండో ఏట తుప్పుతో చిల్లుపడటంతో అన్నీ ఒకేసారి మార్చేశాను.

రోజువారీ వాడకంలో ఈ బండి నాకు నిజమైన తృప్తినిస్తోంది. స్టీరింగ్ పక్కనుండే మూడు గేర్ల కడ్డీ, తక్కువ వేగంలోనే బరువు లాగే ఇంజన్, గంటకు 85 కిలోమీటర్ల దగ్గర కుదురుగా సాగే నడక, ఇవి నాకు చాలు. లీటరుకు ఆరు కిలోమీటర్లే ఇస్తుంది, పవర్ స్టీరింగ్ లేదు, భుజం మీదుగా వచ్చే సీటు బెల్టు లేదు. అందువల్ల రద్దీ వేళల్లో, పిల్లలతో దీన్ని బయటికి తీయను. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లకు వేళకు గ్రీజు పెట్టకపోతే స్టీరింగ్ బరువెక్కడం వెంటనే తెలుస్తుంది. వారానికి ఒకసారైనా, ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా నడుపుతున్నాను.

మిగిలిన పని ఒకటే. ఎండిపోయిన వెనకవైపు క్రాంక్ సీలు మొదటి ఏడు నుంచీ కారుతూనే ఉంది, రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి నాలుగైదు నూనె చుక్కలు కనిపిస్తున్నాయి. దాన్ని మార్చాలంటే గేరుబాక్సు దించాలి కనుక, ఈమధ్య కొంచెం జారడం మొదలుపెట్టిన క్లచ్ ప్లేటుతో కలిపి ఈ చలికాలంలో ఆ పని పెట్టుకున్నాను.