జాగ్రత్త: బెంగళూరులో తిరుగుతున్న ఈ రొమేరో జాంబీ బాక్స్ సెట్ జోలికి పోకండి

బెంగళూరులో ఉంటూ ఇంకా డిస్కులు కొనే హారర్ పిచ్చోళ్ళందరికీ చెప్తున్నా. అమెరికా డైరెక్టర్ జార్జ్ రొమేరో తీసిన జాంబీ సినిమాలు ఆరూ ఒకే పెట్టెలో, ఇంపోర్టెడ్ బ్లూరే, రీజియన్ ఫ్రీ (అంటే ఏ దేశం ప్లేయర్‌లో అయినా ఆడేది), 4,800 రూపాయలు, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర చేతికిస్తాం అని ఒక పేజీ వాడు యాడ్ వేస్తున్నాడు కదా, దయచేసి డబ్బులు పంపకండి. పేరు ఇక్కడ రాయను గానీ నల్ల పెట్టె మీద ఎర్ర చెయ్యి బొమ్మ, చూస్తే మీకే తెలిసిపోద్ది. నా దగ్గర డబ్బులు ముందే యూపీఐలో వేయించుకున్నాడు, పెట్టె చేతికొచ్చాక చూస్తే పైన పటారం లోన లొటారం.

మామూలు పైరసీ అయ్యుంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి, ఇంత పోస్టు రాసేవాణ్ణి కాదు. దీంట్లో తమాషా ఏంటంటే చివరి మూడు డిస్కులు, అంటే 2005లో వచ్చిన ల్యాండ్ ఆఫ్ ద డెడ్, 2007 డైరీ, 2009 సర్వైవల్, ఈ మూడూ నీట్‌గా ఆడతాయి. దెబ్బంతా మొదటి మూడింటికే పడింది, అసలు జనం ఆ పెట్టె కొనేదే ఆ మూడింటి కోసం!

మొదటి డిస్కు, నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్. అట్ట మీద 1968 అని ఉంది, ఒరిజినల్ వెర్షన్ అని కూడా ఉంది. లోపల ఉన్నది 1999లో ముప్పై ఏళ్ళ సందర్భం అని వదిలిన వెర్షన్. రొమేరోకి దాంతో సంబంధం లేదు, పాత సినిమాకి రొమేరోతో కలిసి స్క్రిప్టు రాసినాయన జాన్ రస్సో కొత్తగా సీన్లు తీసి మధ్యలో అతికించాడు, మ్యూజిక్ కూడా మార్చేశారు. కనుక్కోవడం సులువు, అసలు సినిమా ఖాళీ రోడ్డు మీద దూరం నుంచి ఒక కారు మెల్లిగా రావడంతో మొదలవుద్ది, అన్నాచెల్లెళ్ళు శ్మశానానికి వస్తారు. దీంట్లో దానికంటే ముందే వేరే కొత్త సీన్ ఉంటది, చివర్లో ఒక పాస్టర్‌గారు కూడా తేలతాడు.

ఈ ఒక్క సినిమాకే ఇన్ని చెత్త కాపీలు ఎందుకున్నాయంటే, రిలీజ్‌కి ముందు డిస్ట్రిబ్యూటర్ టైటిల్ మార్చాడు, మార్చినప్పుడు కాపీరైట్ లైను ఎగిరిపోయింది, అప్పటి అమెరికా రూల్ ప్రకారం ఆ లైను లేకపోతే సినిమా అందరి సొత్తు. ఇంక ఎవడికి దొరికిన ప్రింటుతో వాడు అమ్ముకున్నాడు, రంగులేసి కూడా అమ్మారు. రొమేరోకి దక్కాల్సిన డబ్బు అలా పోయింది, అది వేరే ఏడుపు. న్యూయార్క్ మోమా మ్యూజియం, పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి 4కెలో బాగు చేసిన ప్రింటు 2016లో బయటికొచ్చింది, 2018లో క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్ళు డిస్కు వేశారు, చూడాల్సింది అది. దాంట్లో జాంబీల నుంచి జనం దాక్కునే ఆ ఇంట్లో చీకటి నిజంగా చీకటిలా ఉంటది, ఈ పెట్టెలో దాంట్లో అంతా బూడిద.

రెండోది డాన్ ఆఫ్ ద డెడ్, జాంబీల నుంచి తప్పించుకుని మాల్‌లో దాక్కునే కథ. అట్ట మీద 1978, 139 నిమిషాలు. లోపల జాక్ స్నైడర్ 2004లో చేసిన రీమేక్! అది పాడు సినిమా అనట్లేదు, మొదటి పది నిమిషాలు భలే ఉంటాయి, కానీ అది రొమేరో సినిమా కాదు కదా బాబూ, పులిహోర ఆర్డర్ ఇస్తే బిసిబేళెబాత్ తెచ్చి రెండూ అన్నమేగా అన్నట్టుంది. పాత డాన్‌కి అసలు వెర్షన్లే మూడున్నాయి: అమెరికా థియేటర్లలో వచ్చింది 127 నిమిషాలు, కేన్స్ ఫెస్టివల్ పేరుతో పిలిచే కేన్స్ వెర్షన్ 139, ఇటలీ డైరెక్టర్ డారియో అర్జెంటో యూరప్ కోసం కట్ చేసింది ఇంకా చిన్నది, దాంట్లో గోబ్లిన్ బ్యాండ్ మ్యూజిక్ ఎక్కువ. ఈ మూడింట్లో ఏది ఇచ్చినా నోరు మూసుకునేవాణ్ణి.

మూడోది డే ఆఫ్ ద డెడ్, 1985. సినిమా కరెక్టే, కానీ వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించినట్టు అంచుల్లో గీతలు వణుకుతూ ఉంటాయి, క్లైమాక్స్‌లో విలన్ కెప్టెన్ రోడ్స్ చావు మొత్తం లేదు. అందరూ టామ్ సావినీ మేకప్ పనితనం అని చెప్పుకునే సీనే అది. రక్తం తగ్గించకుండా, వయసు రేటింగ్ లేకుండానే రిలీజ్ చేస్తానని రొమేరో పట్టుబట్టినందుకు ఆ సినిమా బడ్జెట్ సగానికి కోసేశారు, అంత పోగొట్టుకుని ఆయన ఉంచుకున్న రక్తాన్ని వీడెవడో ఉత్తపుణ్యానికి కత్తిరించి పారేశాడు.

ఇప్పుడు అసలు నష్టం చెప్తా. మా బాబాయి కొడుకు బీటీఎం పీజీలో ఉంటాడు, నేను దసరాకి ఊరెళ్ళినప్పుడు ఈ పెట్టె తీసుకెళ్ళి ఆరూ వరసగా చూసేశాడు. వచ్చాక వాడి రివ్యూ ఏంటో తెలుసా, “అన్నా, మీవోడు మొదట్లో ఏం తీయలేకపోయాడు, ల్యాండ్ నుంచే సినిమా తీయడం నేర్చుకున్నాడు, ఒక్క ఆ మాల్ సినిమా మాత్రం కేక” అన్నాడు. ఆ మాల్ సినిమా రొమేరోదే కాదు నాయనా! వాణ్ణి అని లాభం లేదులెండి, వాడికి దొరికిన సరుకు అది.

నా లెక్కలో విషయం పూర్తిగా తిరగబడి ఉంటది. మొదటి మూడింట్లో ఆయన చూపించి ఊరుకున్నాడు, తర్వాత వాటిల్లో చూపించింది మళ్ళీ నోటితో చెప్పడం మొదలెట్టాడు. నైట్ చివర్లో హీరో బెన్ ఒక్కడే తెల్లారేదాకా బతికుంటాడు, అదీ ఏ సెల్లార్‌లోకి దిగనని అదే ఇంట్లో ఇరుక్కున్న కూపర్‌తో రాత్రంతా గొడవపడ్డాడో అదే సెల్లార్‌లో దాక్కుని. పొద్దున తుపాకులు పట్టుకుని పిక్నిక్‌కి వచ్చినట్టు వచ్చిన ఊరోళ్ళు జాంబీ అనుకుని కాల్చేస్తారు, తర్వాత గరుకు ఫోటోల్లో కొక్కేలు గుచ్చి శవాన్ని లాగుతుంటారు, సినిమా అయిపోద్ది. బెన్‌గా చేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతి నటుడు, ఆ రంగు గురించి సినిమా మొత్తంలో ఒక్కరూ ఒక్క మాట అనరు, అనకపోవడం వల్లే ఆ ఫోటోలు అంత భయంగా ఉంటాయి. డైరీ చివర్లో కూడా ఇలాంటి వేటగాళ్ళే, సరదాకి ఒక ఆడ జాంబీని జుట్టుతో చెట్టుకు వేలాడదీసి కాలుస్తారు, సీన్ భయంకరంగా ఉంటది, కానీ పక్కనుంచి హీరోయిన్ గొంతు వచ్చి మనుషుల్ని కాపాడుకోవడం దండగా కాదా మీరే చెప్పండి అని అడుగుద్ది. అమ్మా మాకు అర్థమైంది, ఆగు! ఇప్పుడు ఈ పెట్టెలో నైట్‌కి చివర పాస్టర్‌ని అతికించారు కాబట్టి మావోడికి ఈ తేడా కనపడే ఛాన్సే లేదు, రెండూ మాటలు చెప్పే సినిమాల్లానే ఉన్నాయి వాడికి.

డే, ల్యాండ్ సంగతీ అంతే. డేలో బబ్ అని ఒక జాంబీ ఉంటాడు, డాక్టర్ లోగన్ గొలుసు కట్టి పెంచుతుంటాడు, వాడు రేజర్ చూసి గడ్డం గీసుకోబోతాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటాడు, హెడ్‌ఫోన్స్‌లో బీథోవెన్ విని కళ్ళు పెద్దవి చేస్తాడు, ఆ మొహం చూస్తే జాలేస్తది. చివర్లో తుపాకీ పట్టుకుని రోడ్స్‌ని కాల్చి సెల్యూట్ కొడతాడు. ల్యాండ్‌లో బిగ్ డాడీ జాంబీ తుపాకీ వాడటం నేర్చుకుని మిగతావాళ్ళని ఊరిమీదికి నడిపిస్తాడు కదా, దానికి వేరు ఈ బబ్బే. ఆ సెల్యూట్ కూడా ఈ డిస్కులో కట్‌లోనే పోయింది, అందుకే బిగ్ డాడీ ఐడియా కొత్తది అనుకున్నాడు మావోడు.

ఇంకోటి, డైరీ మొదట్లో స్టూడెంట్ సినిమా షూటింగ్‌లో మమ్మీ వేషగాడు పరిగెడితే డైరెక్టర్ కుర్రాడు చచ్చినోళ్ళు అంత స్పీడుగా ఉరకరు, చీలమండలు విరిగిపోతాయి అని విసుక్కుంటాడు. అది 2004 రీమేక్ లాంటి పరుగుల జాంబీలకి రొమేరో వేసిన చురక. రొమేరో డాన్ అని నమ్మించి ఆ పరుగుల సినిమానే చూపిస్తే ఇంక జోకు ఎక్కడ పేలుద్ది. పాత డాన్‌లో జాంబీలు మన్రోవిల్ మాల్‌లో ఎస్కలేటర్ల మీద తూలుతూ, ఎందుకొచ్చారో తెలీకుండా షాపుల ముందు తిరుగుతుంటారు, ఆదివారం సాయంత్రం మన వైట్‌ఫీల్డ్ మాల్స్‌లో నేనూ అలాగే ఉంటా.

చివరివి దండగ అనట్లేదు. ల్యాండ్‌లో ఆకాశంలో తారాజువ్వలు వేస్తే జాంబీలన్నీ తలెత్తి అలా నిలబడిపోయే సీన్ నాకు చాలా ఇష్టం, డైరీలో చెవిటి ఆమిష్ (పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవ వర్గం) ముసలాయన కొడవలి సీనూ సూపర్. సర్వైవల్ మాత్రం ఆయన ఆఖరి సినిమా అని గౌరవంతో ఒకసారి చూడొచ్చు, కంప్యూటర్ రక్తం నావల్ల కాలేదు.

సరే, సెల్లర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడంటే, “అన్నా మనం మనం తెలుగోళ్ళం, డిస్కు ప్లే అవుతుందిగా, పాత ఇంగ్లీష్ సినిమా ఎట్లున్నా అట్లే ఉంటది”. తర్వాత బ్లాక్. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టా, చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు దాచుకుంటే అక్కడ అడుగుతారు.

ఎవరి దగ్గర కొన్నా డిస్కు వెనకవైపు ఫోటో వెలుతుర్లో తీసి పంపమనండి, నడిమధ్య రింగు చుట్టూ చెక్కిన నంబర్ కనపడాలి, మీద బొమ్మ స్టిక్కర్‌లా లేస్తుంటే వద్దు. రీజియన్ ఫ్రీ అనే మాట కూడా గుడ్డిగా నమ్మకండి, బ్లూరే రీజియన్లలో ఇండియా సి కిందకొస్తది, అమెరికా ఏ, యూకే బి, 4కె డిస్కులకైతే ఆ గొడవ లేదు. తర్వాత ప్లేయర్‌లో పెట్టి టోటల్ టైమ్ కనపడేలా వీడియో అడగండి: నైట్ 96 నిమిషాలు, డే 100 చుట్టుపక్కల, డాన్‌కి పైన చెప్పా. ఇదే పేజీ నిన్నట్నుంచి ఇటాలియన్ హారర్ సెట్ కూడా ఒకటి పెట్టింది, అదే నల్ల పెట్టె, ఈసారి చెయ్యి పచ్చరంగు.