బంగారు పట్టర్, పచ్చ కోటు
కార్‌స్టెన్ సోల్‌హైమ్ స్థాపించిన పింగ్ అనే గోల్ఫ్ పరికరాల సంస్థ, తాను తయారుచేసిన పట్టర్‌తో (బంతిని గుంతలోకి దొర్లించే కర్రతో) టోర్నమెంటు గెలిచిన గోల్ఫ్ క్రీడాకారునికి అదే నమూనాలో బంగారు పూత పూసిన పట్టర్‌ను బహూకరించి, అటువంటిదే మరొకటి ఫీనిక్స్‌లోని తన ఖజానాలో విజేత పేరుతో భద్రపరుస్తుంది. అమెరికాలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బు 1949 నుండి తాను ఏటా జరిపే మాస్టర్స్ టోర్నమెంటు విజేతకు తొడుగుతున్న పచ్చ కోటుకు ప్రతిష్ఠ ఎక్కువే. అయితే విజేత దానిని ఏడాదిపాటు ఇంట ఉంచుకొని, ఆపై క్లబ్బుకు తిరిగి చేర్చాలి. పట్టర్ మాత్రం శాశ్వతంగా అతనిదే. 2012లోనూ 2014లోనూ పింగ్ పట్టర్‌తోనే మాస్టర్స్ గెలిచిన బబ్బా వాట్సన్‌కు కోటు గౌరవమూ దక్కింది. పట్టర్ బహూకరణలో వ్యాపార ప్రయోజనం లేదనలేము. అయినప్పటికీ, మనిషితోపాటు అతని పనిముట్టును కూడా గౌరవించే ఈ పద్ధతి, ఆయుధపూజ చేసుకునే మనవారికి వింతగా తోచదు.